జారెడు బిళ్ళ, తురుఫు ముక్క: మన సీమ ఆటల చరిత్ర

ఒక జాతి చరిత్రను రాజుల వంశావళులలోను, దేవాలయముల శాసనములలోను వెదకుట పరిపాటి. కాని ఆ జాతి పిల్లలు వీథిలో ఏమి ఆడిరి, పెద్దలు తీరికవేళల అరుగులమీద ఏమి ఆడిరి అనునదియు చరిత్రయే. సురవరం ప్రతాపరెడ్డిగారు తమ ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో తెలుగువారి ఆటలకు తగిన చోటిచ్చి ఈ సత్యమును చాటిరి. ఆ గ్రంథమునకు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించినది. తెలుగున ఆ బహుమతి నందిన మొదటి గ్రంథ మదియే. వారు చూపిన త్రోవనే పోయి చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతముల తెలుగు కుటుంబముల ఆటలను గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచినాము.

ఈ ప్రయత్నమునకు కారణము లేకపోలేదు. ఇటీవల మన యిండ్లలోని పిల్లలు ఫోనులపైనను, కంప్యూటరు తెరలపైనను ఒక క్రొత్త రకపు ఆట ఆడుచున్నారు. తెరపై మంచుగడ్డ పరచియుండును. పిల్లవాడు వ్రేలితో ఒక రాతిని గురిచూచి జార్చును. అది పోయి పోయి ఎదుటివాని రాతిని త్రోసి, గీచిన వలయములో నిలువవలెను. నడుమనడుమ వాని చేతికి కొన్ని ముక్కలు వచ్చును. ఒక ముక్క వేసినచో రాయి బరువగును. మరియొకటి వేసినచో ఎదుటివాని దారికి అడ్డు పడును. ‘ఇది ఎక్కడి వింత?’ అని పెద్దలు ముక్కుమీద వ్రేలు వేసికొనుచున్నారు. మా దృష్టిలో ఇందలి వింత స్వల్పము. ఈ యాటలో మూడు పాళ్ళు కలవు: జారెడు రాయి, మనసులో పన్నెడు ఎత్తు, అనుకోకుండ కలిసివచ్చు ముక్క. ఈ మూడును మన సీమకు పాతవే. అయితే మన పాత ఆటలలో నాలుగవ పాలొకటి యుండెడిది. అది తెరపై లేదు. దానిని జ్ఞప్తి చేయుటయే ఈ వ్యాసము యొక్క ముఖ్యోద్దేశము.

మన సీమ

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాలు మూడును మైసూరు సంస్థాన కాలమున కోలారు జిల్లాలోనివి. 1953లో ఆంధ్ర రాష్ట్రము వెలసినప్పుడును, 1956లో రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణము జరిగినప్పుడును కోలారు జిల్లా మైసూరు రాష్ట్రముననే నిలిచినది. ఆ రాష్ట్రమునకు 1973లో కర్ణాటకమని పేరు వచ్చినది. 2007లో కోలారు జిల్లానుండి చిక్కబళ్ళాపుర జిల్లా వేరుపడినది. ఎల్లలు మారినను, జిల్లాల పేర్లు మారినను ఇండ్లలోని మాట మారలేదు. కచేరీలోను, బడిలోను కన్నడము. ఇంటను, సంతలోను తెలుగు. బాగేపల్లి వంటి చోట్ల నేటికిని కనబడు రీతి యిదియే. చింతామణి తాలూకా కైవారమున వెలసిన నారాయణ తాతయ్యగారు తెలుగున, కన్నడమున రెండింటను తత్త్వములు చెప్పియుండుటయే ఈ సీమ స్వభావమునకు సాక్ష్యము. ఇట్టిచోట ఒక్కొక్క ఆటకు రెండేసి పేర్లుండుటలో ఆశ్చర్యము లేదు.

తొక్కుడుబిళ్ళయు గోలీయు

మన వీథులలోని జారుడాటలలో మొదట చెప్పదగినది తొక్కుడుబిళ్ళ. కన్నడమున దీనిని కుంటెబిల్లె అందురు. కుంటుట, బిళ్ళ అను రెండు మాటలును ఉభయ భాషల ఉమ్మడి సొత్తు. నేలపై బొగ్గుతోనో, సుద్దతోనో, పుల్లతోనో గడులు గీయుదురు. ఆడెడు పిల్ల బిళ్ళను మొదటి గడిలో వేసి, ఒంటికాలితో కుంటుచు లోనికి పోయి, ఆ కాలితోనే బిళ్ళను ఒక గడినుండి మరియొక గడికి త్రోయవలెను. బిళ్ళ గీతమీద నిలువరాదు. పోవలసిన గడిని దాటరాదు. ఎత్తిన కాలు నేల నానరాదు.

చూచుటకు ఇది చిన్న పిల్లల చేష్ట వలె కనబడును. కాని బిళ్ళ నేరుకొనుటలోనే సగము విద్య కలదు. పగిలిన కుండపెంకు గరుకుగా నుండి త్వరగా నిలిచిపోవును. ఏటి ఒడ్డున దొరకు నునుపైన చదును రాయి దూరము పోవును. ఎఱ్ఱమట్టి వాకిట ఒక తీరున త్రోయవలెను. గుడి ముందరి బండపై మరియొక తీరున త్రోయవలెను. రాపిడి యనగా నేమో, వేగమనగా నేమో బడిలో అయ్యవారు చెప్పుటకు ముందే మన ఆడుపిల్లల పాదములకు తెలిసియుండెడిది.

ఈ ఆటలో మరియొక విశేషము కలదు. గడులన్నియు ముగించిన పిల్ల వెనుదిరిగి నిలిచి, తలమీదుగా బిళ్ళను విసరును. అది ఏ గడిలో పడునో ఆ గడి ఆమెకు ‘ఇల్లు’ అగును. కన్నడపు పిల్లలు దానిని ‘మనె’ అందురు. ఆ ఇంట ఆమె రెండు కాళ్ళు మోపి సేద దీర్చుకొనవచ్చును. తక్కినవారు దానిని తొక్కక దాటిపోవలెను. ఇందలి న్యాయమును గమనింపుడు. ఇల్లు పొందు హక్కు నేర్పువలన వచ్చును. ఆ ఇల్లు ఎక్కడ అనునది అదృష్టమువలన వచ్చును. నేడు తెరపై ఆటలో ‘ప్రత్యేక ముక్క’ చేయు పని మన పిల్లల ‘ఇల్లు’ ఏనాడో చేసినది.

మగపిల్లలకు గోలీలు. నేలలో చిన్న గుంట త్రవ్వి, దూరముగా గీత గీచి, వంచిన వ్రేలితో గోలీని కొట్టుదురు. తన గోలీ గుంటకు చేరువ కావలెను. ఎదుటివాని గోలీ దూరము కావలెను. ఒక్కొక్కప్పుడు గుంటను వదలిపెట్టి ఎదుటివాని గోలీని కొట్టి త్రోసివేయుట మేలు. మరియొకప్పుడు తన గోలీని వాని దారిలో అడ్డముగ నిలుపుట మేలు. ఏది ఎప్పుడు చేయవలెనో తెలిసినవాడే ఆటగాడు. చేతి బలము మాత్రమున్నవాడు సాయంకాలమునకు జేబు ఖాళీ చేసికొని యింటికి పోవును.

మంచుమీది రాయి

ఈ బిళ్ళకును, గోలీకిని దూరదేశమున ఒక పెద్దన్న వంటి ఆట కలదు. తెరపై పిల్లలాడుదానికి మూలమదియే. స్కాట్లండు దేశమున పూర్వము చలికాలము వచ్చినంతనే చెఱువులు గడ్డకట్టుచుండెను. ఆ గడ్డపై బరువైన రాళ్ళను జార్చి ఆడు ఆటకు కర్లింగ్ అని పేరు. 1511 అను సంవత్సరము చెక్కిన రాయి యొకటి ఆ దేశపు స్టిర్లింగ్ పట్టణమున భద్రముగా నున్నది. 1838లో ఎడింబరో నగరమున ఈ ఆటకు సంఘమేర్పడినది. 1924లో ఫ్రాన్సులోని షామొనీలో జరిగిన శీతకాలపు ఒలింపిక్సులో దీనిని ఆడిరి. నడుమ చాలకాలము విడిచి, 1998లో జపానులోని నాగానోలో తిరిగి పతకమిచ్చు ఆటగా చేర్చుకొనిరి.

రాయి గ్రానైటుతో చేయబడినది. పైన పిడి యుండును. బరువు సుమారు 17 మొదలు 20 కిలోగ్రాముల వరకు. ఒలింపిక్సు రాళ్ళకు స్కాట్లండు తీరమునకు దూరముగా సముద్రమధ్యమున నున్న ఐల్సా క్రెయిగ్ అను చిన్న దీవి గ్రానైటు ప్రసిద్ధము. మన నందిదుర్గమును గ్రానైటు కొండయే. కాని ఆ దీవి రాతిలోని సన్నని రేణువుల కూర్పు మంచు తడికి, దెబ్బకు ఓర్చుకొనుటవలన దానికి ఆ పేరు వచ్చినది. జట్టుకు నలుగురు. ఒక్కొక్క వంతున జట్టుకు ఎనిమిది రాళ్ళు. ఆవలి కొనను 12 అడుగుల వెడల్పుగల వలయము గీచియుండును. ఆశ్చర్యమేమనగా, వారును ఆ వలయమును ‘ఇల్లు’ అనియే పిలుతురు. మన బాగేపల్లి పిల్లకును, స్కాట్లండు కాపునకును ఒకే మాట తోచినది. జార్చిన రాయికి గమ్యము ఇల్లు గాక మరేమి?

వంతు ముగిసినప్పుడు ఇంటి నడిబొట్టుకు ఎవరి రాయి మిక్కిలి చేరువగా నున్నదో ఆ జట్టుకే లెక్క దక్కును. కావున కొందరు ముందుగా ఇంటి వాకిట రాళ్ళను కావలి నిలుపుదురు. కొందరు ఆ కావలిని త్రోసివేయుదురు. రాయి జారుచుండగా ఇద్దరు దాని ముందర చీపుళ్ళవంటి వానితో మంచును వడివడిగా రుద్దుదురు. ఆ రాపిడికి మంచు రవంత వెచ్చనై, రాయి మరికొంత దూరము తిన్నగా పోవును. తిప్పి విడిచిన రాయి ఆ తిరుగుడు వైపునకే మెల్లగా వంగి పోవును. అట్లేల వంగునో శాస్త్రజ్ఞులు ఇంకను వాదించుచునే యున్నారు. ఎత్తుకు పైయెత్తు కలదగుటచే దీనిని మంచుమీది చదరంగమని పిలుచుట కూడ కలదు.

ఈ ఆటలో మాకు మిక్కిలి నచ్చినది మరియొకటి. జారుచున్న రాతికి తన కాలో, చీపురో తగిలినచో ఆటగాడు తానే ఆ మాట చెప్పవలెనని వారి సంప్రదాయము. తీర్పరి చూచినాడా లేదా అను ప్రశ్న రాదు. ఈ విషయమును పాఠకులు మనసున నుంచుకొనగోరెదము. వ్యాసము చివర దీనితో పని యున్నది.

క్యారం బల్ల

మన దేశమున మంచు లేదు గాని నునుపైన బల్ల కలదు. క్యారం పుట్టుపూర్వోత్తరములు తేటగా లేకున్నను, ఇరువదవ శతాబ్ది తొలి దశకములనుండి మన దేశమున ఇది ఇల్లిల్లు చేరినది. 1956లో అఖిల భారత క్యారం సమాఖ్య, 1988లో చెన్నపట్టణమున అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడినవి. హైదరాబాదుకు చెందిన ఎస్. అపూర్వ 2016లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామునందు స్త్రీల ప్రపంచ విజేతగా నిలిచి తెలుగువారికి పేరు తెచ్చిరి.

తొమ్మిది తెల్లని బిళ్ళలు, తొమ్మిది నల్లని బిళ్ళలు, ఒక ఎఱ్ఱని రాణి. బల్లపై చల్లు బోరిక్ పొడి ఇక్కడ మంచు చేయు పనిని చేయును. అది రాపిడిని తగ్గించి బిళ్ళను దూరము పోనిచ్చును. అంచునకు ఏ కోణమున తగిలినచో ఇంచుమించు ఆ కోణముననే బిళ్ళ వెనుకకు మరలును. రాణిని గుంటలో వేసినంతమాత్రమున చాలదు. వెంటనే మరియొక బిళ్ళను వేసి దానిని దక్కించుకొనవలెను. లేనిచో రాణి తిరిగి బల్ల నడుమకు వచ్చును. ఇదియు ఒక ప్రత్యేకపు ముక్కయే. మేము గుమాస్తాగా నున్న కాలమున మధ్యాహ్నపు విరామవేళ కచేరీ వెనుక గదిలో ఈ బల్ల చుట్టు కన్నడము, తెలుగు, ఉర్దూ మూడును కలిసి ప్రవహించెడివి. దఫేదారు కొట్టిన కొట్టును అధికారి మెచ్చుకొనుటయు అక్కడనే చూచితిమి. బల్లముందర పదవులు పనికిరావు.

పులులు, మేకలు, చింతపిక్కలు

చేతి నేర్పుతో పనిలేక మనసు నేర్పు మాత్రమే కావలసిన ఆట పులిజూదము. మూడు పులులు, పదునైదు మేకలు. పులి మేకమీదుగా దూకి దానిని చంపును; మేకలు గుమిగూడి పులిని కదలనీయక కట్టివేయును. పేరు జూదమైనను ఇందు పందెము లేదు, పాచిక లేదు, అదృష్టము లేదు. బలము తక్కువవారు కట్టుగా నిలిచినచో బలవంతుని బంధింపవచ్చునను నీతి మాత్రము కలదు. రాతిపై గీసిన ఇట్టి ఆటల గడులు హంపీ శిథిలములలో పలుచోట్ల కానవచ్చుచున్నవి. పండ్రెండవ శతాబ్దిన కల్యాణపు చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు రచించిన ‘మానసోల్లాసము’న చదరంగమును, పాచికలాటను గూర్చి విపులముగా నున్నది. అనగా రాజుల మేడలోను, బండరాతిమీదను ఆట ఆటయే.

దీనికి భిన్నమైనది అష్టాచెమ్మ. కన్నడమున చౌకాబార. గవ్వలున్న యింట గవ్వలు. లేని యింట చింతపిక్కలు. చింతచెట్లకు కొదువలేని సీమ మనది. నాలుగు పిక్కలను ఒకవైపు రాతిపై అరగదీసి తెల్లగా చేయుదురు. నాలుగును తెలుపు పడినచో చెమ్మ, అనగా నాలుగు. నాలుగును నలుపు పడినచో అష్ట, అనగా ఎనిమిది. ఆ రెండింటికిని మరల వేయు హక్కు కలదు. నాలుగు పిక్కలు పడుటకు మొత్తము పదునారు విధములున్నవి. అందు రెండు తెలుపు, రెండు నలుపు పడు విధములు ఆరు. అన్నియు తెలుపు పడుట ఒకటే. అన్నియు నలుపు పడుట ఒకటే. కావుననే ఆ రెంటికి అంత విలువ. ఏ శాస్త్రమును చదువని అవ్వలు ఈ లెక్కను నియమములో పెట్టి యుంచిరి.

గడులన్నియు చుట్టివచ్చి నడిమి యింటికి చేరిన కాయను ‘పండినది’ అందుము. కన్నడపువారును అది ‘హణ్ణు’ అయినదందురు. పచ్చికాయగా బయలుదేరి, దెబ్బలు తిని, మరల మొదటికి వచ్చి, తుదకు ఇల్లు చేరి పండుట! రెండు భాషలును ఒకే చెట్టు నీడన ఆడుకొన్నట్లు ఈ యొక్క మాట చెప్పకయే చెప్పుచున్నది.

ముక్కల బలము

ఇక మూడవ పాలగు ముక్కలను గూర్చి. పేకముక్కలు మన దేశమునకు వచ్చిన తొలిరూపము గంజీఫా. బాబరు చక్రవర్తి 1527లో సింధు దేశమందలి షా హసనుకు గంజీఫా ముక్కలను పంపినట్లు తన స్వీయచరిత్రలో వ్రాసికొనెను. గంజీఫా ముక్కలు సాధారణముగ గుండ్రముగా నుండును. మొగలుల పద్ధతిలో ఎనిమిది రంగులు, రంగుకు పండ్రెండు చొప్పున 96 ముక్కలు. మనవారు దానికి దశావతారములను చేర్చి పది రంగులు, 120 ముక్కలు చేసికొనిరి. రంగుకు రాజొకడు, మంత్రి యొకడు. తక్కినవి ఒకటి మొదలు పది వరకు. సగము రంగులలో అంకెల పెద్దఱికము ఒక వరుస. తక్కిన సగమునందు తలక్రిందుల వరుస. పగలాడినచో రాముని ముక్కతో మొదలు. రాత్రి ఆడినచో కృష్ణుని ముక్కతో మొదలు. సూర్యుని బట్టి నియమము మారు ఆట యిది. తెలంగాణమున నిర్మల చిత్రకారులు కూడ ఈ ముక్కలను వ్రాసి పేరుగాంచిరి.

మన సీమ నేలిన మైసూరు ప్రభువు మూడవ కృష్ణరాజ ఒడయరుగారు ఈ విద్యను శిఖరమున కెక్కించిరి. వీరు 1794లో జన్మించి, 1799లో బాల్యమున సింహాసనమెక్కి, 1868లో పరమపదించిరి. 1831లో ఆంగ్లేయులు రాజ్యపాలనమును తమ చేతిలోనికి తీసికొన్నపిమ్మట రాజుగారికి రాజ్యభారము తగ్గినది. సాహిత్యమునకు, చిత్రకళకు, ఆటలకు తీరిక హెచ్చినది. వీరి పేర వెలసిన ‘శ్రీతత్త్వనిధి’ అను బృహద్గ్రంథమునందు తొమ్మిది నిధులు కలవు. అందు కడపటిది కౌతుకనిధి. వీరు కల్పించిన ‘ఛాద’ గంజీఫా ఆటల వివరము అందున్నది. కొన్నిటికి పదునెనిమిది రంగుల వరకు కలవు. సాధారణముగ రంగుకు పండ్రెండు అంకెల ముక్కలు, ఆరు పరివారపు ముక్కలు. కట్ట మొత్తము మూడువందలకు మించును. అందు ఎన్నటికిని మారని తురుఫు ముక్కలు కలవు. ఏ ముక్కకైనను బదులు నిలువగల సర్వాధికార ముక్కలును కలవు. నేటి తెరయాటలోని ప్రత్యేక ముక్కలకు మన మైసూరు నగరి లోపలనే, రమారమి నూటడెబ్బది యేండ్లకు పూర్వమే, పూర్వరూపము కలదన్నమాట.

అయితే అంత చిక్కైన ఆట నగరి గోడలు దాటి వీథికి వచ్చినట్లు కానరాదు. వీథికి వచ్చినది ఐరోపా వర్తకులవెంట వచ్చిన నాలుగు రంగుల పేక. ఇస్పేటు, ఆఠీను, కళావరు, డైమను అని దాని పేర్లను మనవారు తమ నోటికి తగినట్లు మార్చుకొనిరి. 1860 ప్రాంతమున అమెరికావారు కట్టలో చేర్చిన జోకరు కూడ వచ్చి మన పదమూడు ముక్కల రమ్మీలో కాపురము పెట్టినది. మైసూరు గంజీఫా మాత్రము చిత్రకళగా నిలిచినది. గంజీఫా రఘుపతి భట్టుగారు దానిని మరల లోకమునకు పరిచయము చేసిరి. మైసూరు గంజీఫాకు భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. ఆడువారు లేక ముక్కలు గోడకు వ్రేలాడుచున్నవి. ఈ మాట సంతోషముతో కొంత, విచారముతో కొంత వ్రాయుచున్నాము.

నేర్పా, అదృష్టమా?

ముక్క అనగానే పందెము జ్ఞప్తికి వచ్చును. ఈ ప్రశ్న న్యాయస్థానముల వరకు పోయినది. సికిందరాబాదులోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడించినందుకు నడచిన కేసులో సుప్రీంకోర్టువారు 1967 నవంబరులో తీర్పు చెప్పుచు, మూడు ముక్కలాట వలె రమ్మీ కేవలము అదృష్టముపై నడచునది కాదనియు, పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొనుటకు, ఏది పట్టుకొని ఏది విడువవలెనో నిర్ణయించుటకు నేర్పు కావలెననియు చెప్పిరి. కర్ణాటక ప్రభుత్వము పందెపు ఆటలపై 2021లో చేసిన చట్టసవరణలో ముఖ్యభాగమును 2022 ఫిబ్రవరిలో రాష్ట్ర హైకోర్టు కొట్టివేసినది. 2025 ఆగస్టులో కేంద్రప్రభుత్వపు చట్టము తెరపై డబ్బుపెట్టి ఆడు ఆటలను నిషేధించినది. చట్టముల మాట ఎట్లున్నను మన పెద్దలు గీచిన గీత సులభమైనది. చింతపిక్కలు పందెముగా నున్నంతవరకు అది ఆట. ఇంటి బియ్యము పందెమైన నాడు అది కొంపకు చేటు.

తెరమీది రాయి

తెరయాటను నిందించుట మా ఉద్దేశము కాదు. అందు రాయి జారుట వెనుక గొప్ప గణితము కలదు. యంత్రము ఒక్క క్షణమును అనేక తునకలుగా చేసి, తునకతునకకు రాయి ఎక్కడ నున్నది, ఎంత వేగముతో పోవుచున్నది, రాపిడి ఎంత తగ్గించినది, దేనికి తగిలినది అని లెక్కకట్టి చూపును. తొక్కుడుబిళ్ళ ఆడిన పాదము తెలియకయే కట్టిన లెక్కను అది తెలిసి కట్టుచున్నది. 2020లో కరోనా మహమ్మారి కాలమున రాకపోకలు నిలిచినప్పుడు, దూరదేశములలో నున్న బిడ్డలును, ఇక్కడి తల్లిదండ్రులును ఫోనుపై లూడో ఆడుకొని ధైర్యము తెచ్చుకొనిన కుటుంబములు అనేకము. ఆ లూడో మన పచ్చీసు ఆటకు ఆంగ్లేయులు తొడిగిన కోటు మాత్రమే. కావున రాయి, ఎత్తు, ముక్క మూడింటిని తెర చక్కగానే పట్టుకొన్నది.

నాలుగవ పాలు

పట్టుకొనలేనిది మాట. మన పాత ఆటలకు తీర్పరి లేడు. బిళ్ళ గీతమీద నిలిచినదా, లోపల నిలిచినదా అని తేల్చవలసినవారు ఆడువారే. అందుకై వాదించవలెను, సాక్ష్యము చెప్పవలెను, ఒప్పించవలెను, ఒక్కొక్కప్పుడు ఒప్పుకొనవలెను. ఆ పనికి ఎన్ని మాటలు! జట్లు విడదీయుటకు ‘పంటలు వేయుట’. నియమము తప్పుట ‘తొండి’. అలిగి మాటలు మానుట ‘కచ్చి’. ఇల్లు చేరుట ‘పండుట’. ‘తొండి చేసినావు’ అని ఎనిమిదేండ్ల పిల్లవాడు పదేండ్లవానిని నిలదీయుటలో ధర్మశాస్త్రపు సారము కొంత కలదు. కచ్చి పెట్టుకొని సాయంకాలమునకు మరల కలియుటలో సంసారపు సారము కొంత కలదు.

మంచుమీది ఆటలో తన తప్పును తానే చెప్పుకొను సంప్రదాయమును పైన పేర్కొంటిమి. మన వీథి ఆటయు అట్లే మనుష్యుల మాటపై నిలిచినది. తెరపై తొండికి చోటు లేదు. యంత్రమే తీర్పు చెప్పును. తొండి లేనిచోట నిజాయితీకి పరీక్షయు లేదు. వాదము లేనిచోట భాషకు పనియు లేదు. పిల్లవాడు గంటసేపు ఆడి, ఒక్క మాటైన పలుకక లేచిపోవుచున్నాడు.

ఇతర ప్రాంతముల తెలుగువారికి ఇది కొద్ది నష్టమే కావచ్చును. వారి బిడ్డలకు బడి కలదు, పుస్తకము కలదు, పత్రిక కలదు. మన బిడ్డలలో పెక్కుమంది కన్నడమున, ఇంగ్లీషున చదువుచున్నారు. అది తగినదే; ఉన్న నేల భాషను గౌరవించుట మన ధర్మము. కాని తెలుగు అక్షరము నెఱుగని మన బిడ్డకు తెలుగు నేర్పిన బడులు రెండే: ఒకటి అవ్వ ఒడి, రెండవది ఆడుకొను వాకిలి. వాకిలి మూతపడినచో భారమంతయు ఒక్క అవ్వపై పడును. అవ్వలు ఎల్లకాలము ఉండరు గదా.

కావున మన సంఘములవారికి మూడు మనవులు. ఉగాది కూటములలో ఉపన్యాసములతో పాటు ఒక మూల రెండు గడుల పటములు పరచి, తాతలును మనుమలును ఎదురెదురుగా కూర్చుండునట్లు చేయుడు. ప్రతి గ్రామపు పెద్దలును తమ ఊరి ఆటల నియమములను, ఆ మాటలను, వాని కన్నడపు పేర్లతో సహా ఒక నోటు పుస్తకములో వ్రాసి సంఘమున కందజేయుడు. తెరయాటలను తయారుచేయు విద్య నేర్చిన మన యువకులు బెంగుళూరున వేలకొలదిగా నున్నారు. వారిలో ఎవరైన పూనుకొని తొక్కుడుబిళ్ళను తెరకెక్కించి, ముక్కలపై ‘ఇల్లు’, ‘పండు’, ‘తొండి’ అని తెలుగు అక్షరములతో వ్రాసి, ఇద్దరు ఎదురుగా కూర్చుండి మాటలాడుకొనుచు ఆడవలసినట్లు రూపొందింతురేని, అది ఈ సీమకు గొప్ప సేవ కాగలదు. మూడవ కృష్ణరాజులవారు రాజ్యము చేజారిన తరువాత కూడ క్రొత్త ఆటలను కల్పించిరి. మన చేతిలో నుండి జారిపోవుచున్నది మాట మాత్రమే. దానిని ఇంటికి చేర్చుట మన వంతు.